బండల మీద కొచ్చి

సువార్త డిగ్రీ ముగించి, యాడికి అనే ఊళ్లో ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరింది. మొదటి జీతం తెచ్చిన రోజు పొయ్యి దగ్గర తల్లి ముందు కూర్చుని, నీకేం కావాలో చెప్పమ్మా అని అడిగింది. కదిరమ్మ రొట్టె కాలుస్తూ ఉంది. కూతురి మొహంలోకి ఒకసారి చూసి రొట్టె తిప్పేసింది. చీర కావాలా అంటే ఉన్నవి కట్టడానికే పండగలు చాలడం లేదంది. కమ్మలు కావాలా అంటే చెవులకు బరువంది. ఆ ఇంట్లో మొదట పట్టా పుచ్చుకున్నది సువార్తే. ఆ పట్టా కోసం ఎంతమంది చేలల్లో తల్లి నడుం వంచిందో పిల్లకు తెలుసు. అందుకే అడగడం మానలేదు. క్రిస్మస్‌కు అడిగింది, ఈస్టరుకు అడిగింది. కదిరమ్మ ఏమీ కోరలేదు.

కోరిక ఒక వేసవి సాయంత్రం దానంతటదే వచ్చింది.

వాకిట్లో మంచం వేసుకుని సువార్త ఫోనులో బొమ్మలు వెతుకుతోంది. బడి తెరిచాక పోర్చుగీసువాళ్ల పాఠం చెప్పాలి. పోయిన ఏడు ఆ పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, సముద్రం పొద్దస్తమానం చప్పుడు చేస్తుందా టీచర్ అని అడిగింది. చేస్తుంది అని చెప్పి, చెప్పినాక మొహం చెల్లక బోర్డు వైపు తిరిగిపోయింది సువార్త. ఆ పోర్చుగీసు నావికుడు ఓడలేసుకుని కేరళ తీరానికి వచ్చిన సంగతి పరీక్షల్లో పేజీలకు పేజీలు తను రాసిందే. కానీ ఆమె కంటితో చూసిన పెద్ద నీళ్లు, తాడిపత్రి దగ్గర పెన్న పారిన ఏడు వంతెన మీద నిలబడి చూసినవే.

పక్కన కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్న కదిరమ్మ మెడ సాచి ఫోనులోకి చూసింది. ఒలవడం ఆపింది.

"ఇది యాతం గదా మే," అంది.

బొమ్మలో ఉన్నవి కొచ్చి రేవులోని చీనా వలలు. గట్టున పాతిన గుంజల మీద పొడుగాటి మానులు, ఒక కొసన నీళ్లలోకి దిగే పెద్ద వల, రెండో కొసన తాళ్లకు వేలాడే రాళ్లు. కదిరమ్మ పుట్టింటి బావి మీద, ఆమె చిన్నప్పుడు, ఇలాంటిదే ఒకటుండేది. ఒక కొసన బాన, రెండో కొసన బరువు. మాను మీద వాళ్ల నాయన ముందుకూ వెనక్కూ నడుస్తుంటే బాన మునిగి లేచేది. బావి ఎండింది, యాతం పొయ్యిలోకి పోయింది. మళ్లీ దాన్ని ఆమె చూడలేదు.

"అన్ని నీళ్లు ముంగట పెట్టుకొని యాతం ఏంటికి పెట్టినారు? వంగితే చేతికందుతాయి గదా."

నీళ్లు తోడడానికి కాదు, చేపలు పట్టడానికని సువార్త చెప్పింది. ఎప్పుడో చీనావాళ్ల నుంచి వచ్చాయంటారని, వందల ఏండ్ల నుంచి ఆ రేవులో ఉన్నాయని చెప్పింది. కదిరమ్మ వింటూనే ఆ రాళ్లను చూస్తోంది. అవి ఏ రాళ్లు, ఎవరు కట్టారు, వల్లో చేపలు ఎక్కువ పడితే రాళ్లు కూడా ఎక్కువ కడతారా అని అడిగింది. సువార్త బొమ్మను పెద్దది చేసి చూపింది. పెద్దది చేసేకొద్దీ రాళ్లు మసక మసకగా చెదిరిపోయాయి.

"నీకేం కావాలని అడుగుతాంటివి గదా," అంది కదిరమ్మ, చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంటూ. "ఇది చూపియ్యి."

కదిరమ్మ ఊరు దాటినప్పుడల్లా దానికొక కారణం ఉండేది. పెళ్లికి, చావుకు, కూలికి, కడపలో ప్రార్థన కూటాలకు. చూసి రావడానికని ఊరు దాటింది ఆమె బతుకులో లేదు. ఆ మాట అనడానికే ఆమెకు ఏడాది పట్టిందని సువార్తకు అప్పుడు అర్థమైంది. ఇక దీన్ని జారవిడవకూడదనుకుంది.

ఆ రాత్రే కొచ్చి ఇంట్లోకి వచ్చింది.

సువార్త నాయన యేసన్న తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అంచు విరిగినవి, మచ్చ పడినవి, లోడు ఎక్కని ముక్కలు ఏళ్ల తరబడి తెచ్చి ఇంట్లో పరిచాడు. ఏ రెండు బండలూ ఒక కొలతవి కావు గానీ నున్నగా, నల్లగా, బోర్డులా ఉంటాయి. ఆ బండల మీద సువార్త సుద్దముక్కతో ఊరంతా గీసింది. గోడవారగా ఎర్నాకుళం స్టేషను, దాని ముందు నీళ్లు, నీళ్లకు అవతల కోటకొచ్చి అనే పాత పేట. మూలన వైపిన్ లంక. నీళ్ల అంచున యాతాలు. అక్కడికి కాస్త నడకలో పాత చర్చి. ఆ నావికుణ్ని మొదట పాతిపెట్టింది అక్కడే, తరవాత కొడుకు వచ్చి ఎముకలు తీసుకుపోయాడు. ఇంకొంచెం దూరాన మట్టంచేరి, అక్కడ రాజుల మిద్దె, యూదుల ప్రార్థన మందిరం, మిరియాల అంగళ్ల వీధి. నాలుగు రోజుల ప్రయాణం. ఏ రోజు ఎక్కడో బాణం గుర్తులు పెట్టింది.

యేసన్న పొద్దున లేచి కాలు కింద పెట్టబోతే కదిరమ్మ అరిచింది. "నీళ్లలో తొక్కుతాండావు, రొంత పక్కన పెట్టు." ఆయన కాలు గాల్లోనే ఆపి కిందికి చూశాడు. టికెట్టు లేదు, సెలవు లేదు, ఊరు మాత్రం ఇంట్లోకి వచ్చి కూర్చుందే అని గొణిగాడు. కానీ చుట్టూ తిరిగే పోయాడు. ఆ రోజు నుంచి కదిరమ్మ ఆ గీతల పక్కన చీపురు తేల్చి ఊడ్చేది.

ఎప్పుడు పోవాలన్న దగ్గర తల్లీ కూతుళ్లకు మాట కుదరలేదు. సంక్రాంతి దాటాక, కాయలు అమ్ముకున్నాక పోదామంది సువార్త. ఆ కాలంలోనే అందరూ పోతారట, చల్లగా ఉంటుందట. కదిరమ్మ అడిగింది, అక్కడ వాన ఎప్పుడు పడుతుందని. జూన్, జూలై నెలల్లో ఆ వైపు పోవద్దని రాసి ఉందని సువార్త చదివి చెప్పింది. తెరిపి లేకుండా కురుస్తుందట. వీధులు మునుగుతాయట. జనం ఎప్పుడు ఆగుతుందా అని చూస్తారట.

కదిరమ్మ ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది. "వాన ఆగాలని చూస్తారా? ఉండారా అట్లాంటోళ్లు?"

"ఉండారంట."

"అయితే అప్పుడే పోదాం. వాళ్ల మొహాలు చూడాల."

జూలై అంటే విత్తనం కాలం కదా అని సువార్త వెనకాడింది. ఆ అనుమానం తీర్చింది యేసన్నే. పోయిన మూడేండ్లు జూలై ఆఖరుదాకా నేల తడవలేదు. ఒక ఏడైతే ఆగస్టు నడిమధ్యలో విత్తారు. "మీరు పోయి, వచ్చి, బట్టలు ఉతుక్కొని, ఆరేసుకొని ఇంగా మబ్బుకాడికే చూస్తాంటారు. పోండి," అన్నాడు. ముగ్గురికీ అది సబబుగానే తోచింది. కరువు ఎప్పటిలాగే తన వేళకు వస్తుందని నమ్మి, జూలై మొదటి శుక్రవారానికి సువార్త రెండు టికెట్లు తీసింది. తాడిపత్రిలో ఎక్కితే బండి మారకుండా ఎర్నాకుళం.

టికెట్టు చేతికొచ్చాక గానీ అందులో చిక్కు తెలియలేదు. రైలువాళ్లకు నెలా నెలన్నర ముందే మాట ఇచ్చేయాలి. ఈ నేలమీద సేద్యం చేసేవాళ్లకు మూడు రోజుల ముందు మాట కూడా చేతిలో ఉండదు. వాన పడి, పైపైన ఆరి, గొర్రుకు మట్టి అంటకుండా దిగబడే అదను ఒకటుంది. దాన్ని పదును అంటారు. ఎర్రనేలలో అది రెండు మూడు దినాలు నిలుస్తుంది, నల్లరేగడిలో వారం దాకా ఓర్చుకుంటుంది. అది దాటితే విత్తనం నేలపాలే. పదును వచ్చినప్పుడు ఇంట్లో శవమున్నా ముందు చేనికి పోయి రమ్మంటారు.

పైగా కదిరమ్మ చెయ్యి ఒక్క ఇంటిది కాదు. ఆ ఊళ్లో ట్రాక్టరు గొర్రు రామాంజిది. గొర్రు వెనక జడ్డిగాలుంటాయి, గొట్టాల మీద బిగించిన గిన్నెలు. ఆడవాళ్లు నిలబడి వాటిలోకి గింజ వెంట గింజ వదులుతూ పోవాలి. ట్రాక్టరు ఊగుతుంటుంది, కాలి కింద పలక అదురుతుంటుంది, చెయ్యి మాత్రం తడబడకూడదు. చెయ్యి బిగిస్తే సాలులో బోడి, వదులైతే గుంపు. కదిరమ్మ వేసిన సాలు మొలిచినప్పుడు చూస్తే దారం పట్టి గీసినట్టుంటుంది. అందుకే రామాంజి ఏ చేను ఎప్పుడని చూసుకునేముందు కదిరక్క ఖాళీనా అని చూసుకుంటాడు. ఆ గొర్రు మీద నిలబడే ఆడవాళ్లు ఒకరికొకరు కూలి ఇచ్చుకోరు. నీ చేనికి నేను, నా చేనికి నువ్వు.

వాళ్లలో ఆంజినమ్మ, నారాయణమ్మ ఆ వీధివాళ్లే. సాయంత్రాలు విత్తనం ఒలవడానికి వచ్చి, బండల మీది కొచ్చి చుట్టూ కూర్చునేవాళ్లు. ఆంజినమ్మకు వయసు తక్కువ, మాట ఎక్కువ. ఆ ఉప్పుగాలికి ఇంటి గోడలు రాలవా, ఎముకలు తీసుకుపోయాక ఆ గుంతలో ఇంకెవరిని పెట్టారు, మిరియాల వీధిలో నడిస్తే తుమ్ములు రావా అని అడిగేది. సువార్తకు తెలిసింది చెప్పేది, తెలియనిది వెతికి మరుసటి సాయంత్రం చెప్పేది. బడిలో ఎవరూ ఇంత శ్రద్ధగా పాఠం వినలేదు. యేసన్న కూడా గోడకు ఆనుకుని, యూదుల మందిరంలో పరిచిన బిళ్లలన్నీ చేత్తో బొమ్మలేసినవేనని, ఒకదానిలాగా ఇంకొకటి ఉండదని విని, మన ఇంట్లో మాదిరే అని బండల వైపు చెయ్యి చూపించి నవ్వించాడు.

నారాయణమ్మ మాత్రం నవ్వేది కాదు. పెద్దావిడ, మొగుడు లేడు, ఊరికి దిగువన రేగడి చేను ఒక్కతే చేసుకుంటుంది. ఒకరోజు సువార్త, అక్కడ సముద్రం పొద్దూ మాపూ రెండుసార్లు పైకెక్కి, రెండుసార్లు దిగుతుందని చెప్పింది. ఆ పోటు చూసుకునే వలలు దింపుతారని చెప్పింది. నారాయణమ్మ చేట కింద పెట్టింది.

"వాన లేకుండానా?"

"వానతో పనిలేదు పెద్దమ్మా. చంద్రుణ్ని బట్టి ఎక్కుతాది."

"ఏం చెప్తాండావు పాపా. నా బోరులో నీళ్లు ఒక్క తడవే దిగినాయి. దిగినవి మళ్లీ ఎక్కలేదు. చంద్రుడు ఆడ కూడా ఉండాడు గదా."

సువార్త నేల మీద బంతి బొమ్మ గీసి, చంద్రుణ్ని గీసి, నీళ్లను లాగడం చూపించింది. నారాయణమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. దిగిన నీళ్లు ఎక్కవు అని తేల్చి చేట ఎత్తుకుంది. కానీ మరుసటి రోజూ అదే అడిగింది. ఆ పై రోజు కూడా.

జూన్ అయిపోవచ్చింది. ఆకాశం తెల్లగా, గట్టిగా, కాల్చిన పెంకులా ఉంది. చేలు దున్ని పెట్టి ఎదురు చూస్తున్నారు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు వానకోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారు. వీధి వీధంతా మోకాళ్ల మీద ఉంది. తండ్రీ ఈ వారమే నేల తడుపు అని ఆయన అడుగుతున్నాడు, జనం ఆమెన్ అంటున్నారు. సువార్త నోట ఆ మాట రాలేదు. ఈ వారం కాదు అన్న మాట లోపల ఎక్కడో కదిలింది. చుట్టూ ఉన్న పొలాలన్నీ గుర్తొచ్చాయి. పెదవులు బిగించి, తల ఇంకా వంచుకుంది.

ఇంటికి వచ్చేటప్పుడు తల్లి అడగనే అడిగింది, నోరు కదల్లేదేమని. సువార్త ఉన్నమాట చెప్పింది. వానా అడగలేకపోయాను, వద్దనీ అడగలేకపోయాను అంది.

"నేనడిగినా," అంది కదిరమ్మ. "శుక్రవారం మేము బండెక్కినాక, దిగి వచ్చేలోపల పదును ఆరకుండా, ఆ నడమ చూసి పంపు తండ్రీ అన్నా."

"దేవునికి తారీకు చెప్తారా అమ్మా?"

"రైలోళ్లకు చెప్పినాం గదా. ఆయనకు చెప్తే తప్పేముండాది?"

అలా అని నవ్వింది గానీ, ఆ వారమంతా నీళ్లకు పోయినప్పుడల్లా బిందె దించి ఆకాశం వైపు చూడడం సువార్త కంటపడింది. వాన వస్తుందేమోనని చూస్తోందో, రాదేమోనని చూస్తోందో ఆమె మొహాన్ని బట్టి చెప్పలేకపోయింది. ప్రయాణం సరంజామా కూడా నడుస్తూనే ఉంది. కదిరమ్మ అయిదు లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు కడిగి బోర్లించింది. అక్కడ చుట్టూ నీళ్లేనమ్మా అని సువార్త అంటే, చుట్టూ ఉండేవి తాగే నీళ్లు కాదని నువ్వే గదా చెప్పింది అంది. డబ్బాలు సంచి పక్కన చేరాయి.

బుధవారం సాయంత్రం తాడిపత్రి వైపు నుంచి మబ్బు లేచింది. మొదట దుమ్ము వచ్చింది. దుమ్ము వెనక చినుకు, చినుకు వెనక వాన. రేకుల మీద వాన చప్పుడుకు ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. యేసన్న వాకిట్లోకి పోయి తడుస్తూ నిలబడ్డాడు. వీధిలో ఎవరో కేక వేశారు, ఎవరో నవ్వారు. కదిరమ్మ గడప మీద కూర్చుని చెయ్యి చాపి చూరు నీళ్లు పట్టింది, పారబోసింది, మళ్లీ పట్టింది. సువార్తకు సంతోషంగానే ఉంది. సంతోషపడుతూనే, సంచి మూలన కనపడకుండా జరిపి దాని మీద దుప్పటి వేసింది.

తెల్లవారి రామాంజి వచ్చాడు. నేల మీద బొమ్మ సంగతి తెలిసినవాడు కనుక గడప దగ్గరే చెప్పులు విడిచి నిలబడ్డాడు. వెనకాలే ఆంజినమ్మ, నారాయణమ్మ. అలవాటు ప్రకారం నీళ్లు తొక్కకుండా వచ్చి ఎర్నాకుళం వైపు కూర్చున్నారు. రాత్రి వాకిలి కింద నుంచి జొరబడిన తడికి వైపిన్ లంక సగం కరిగిపోయి ఉంది.

రామాంజి చెప్పింది ఇది. శుక్రవారం పొద్దున యేసన్నది, ఎర్రనేల చెక్క, ముందు ఆరిపోతుంది. తరవాత ఆంజినమ్మది. ఆదివారం మధ్యాహ్నానికి ఎర్రనేలలన్నీ అయిపోతాయి. ఆదివారమా అని యేసన్న ఒక్క క్షణం తటపటాయించి, పాస్టరుదీ ఎర్రనేలే లే అని సర్దుకున్నాడు. ఇక సోమవారం నారాయణమ్మ రేగడి. అన్నిటి మీదా కదిరక్క ఉండాలి.

"రేపు మాపటికి మాకు బండి ఉండాది," అంది కదిరమ్మ మెల్లగా.

ఆ సంగతి అందరికీ తెలుసు. నెలన్నరగా ఆ గీతల చుట్టూనే కూర్చున్నారు. తమ చేను విత్తించుకుని మరుసటి గంటకు బండెక్కితే ఏ మొహంతో తిరిగి రావాలన్నది కదిరమ్మ చెప్పక్కర్లేదు. ఆమె తన లెక్క ముందే వేసుకుంది. శుక్రవారం పోదు. ఆదివారం దాకా గొర్రు మీద నిలబడుతుంది. సోమవారం రిజర్వేషన్ లేకపోయినా జనరల్ పెట్టెలో పోయి, రెండు రోజుల్లో చూసి వస్తుంది. అడగాల్సింది ఒక్క మనిషిని.

"నారాయణక్కా, నీది రేగడి. పదును వారం నిలుస్తాది."

"నిలుస్తాది," అంది నారాయణమ్మ. "నిలిచే లోపల ఇంగో వాన పడితే? బురదలో గొర్రు దిగదు. అది ఆరేదెప్పుడు, నేను ఇత్తేదెప్పుడు? నీ సముద్రం కోసం నా చేను బీడు పెట్టుకోవాల్నా, నువ్వే చెప్పు."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"నేను నిలబడతా పెద్దమ్మా," అంది సువార్త. "అమ్మను పోనీండి. నాయనను వెంట పంపిస్తా. గొర్రు మీద నేనుంటా."

నారాయణమ్మ పక్కనున్న గంపలోంచి పిడికెడు విత్తనం తీసి ఆమె చేతిలో పోసింది. "వెయ్యి. చూస్తా."

సువార్త రెండు బండల నడుమ అతుకు వెంబడి నడుస్తూ గింజలు వదిలింది. తల్లి చెయ్యి ఎన్నిసార్లు చూసిందో, అలాగే వేసిందనుకుంది. తిరిగి చూస్తే ఒకచోట నాలుగు, ఆ తరవాత జానెడు బోడి, మళ్లీ మూడు. రామాంజి గడప దగ్గర నుంచి చూసి తల ఊపాడు.

"బాగుండాది. ఈ లెక్కన ఒక మొలక యాడికిలో లేస్తే, దాని తమ్ముడు తాడిపత్రిలో లేస్తాడు."

ఆంజినమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సువార్త కూడా నవ్వబోయింది గానీ కళ్లలో నీళ్లు వచ్చాయి. కదిరమ్మ వంగి గింజలు ఏరడం మొదలుపెట్టింది.

"పిల్లను చేన్లోకి రానియ్యనిది నేనే," అంది ఏరుతూనే. "దాని చెయ్యి చెడగొట్టింది నేనే. టికెట్లు రద్దు చెయ్యి పాపా. రెండూ."

సువార్త ఫోను తీసింది. వేలు రద్దు గుర్తు మీద పెట్టబోతూ ఆగింది. నారాయణమ్మ లేవలేదు. యాతాలు గీసిన చోట, నీళ్ల అంచున, వేలితో నేలను తడుముతోంది.

"ఏం పాపా. ఈ నీళ్లు ఎక్కి దిగేది నిజమేనా?"

"నిజం పెద్దమ్మా."

"నువ్వు చూసినావా?"

"లేదు."

"పుస్తకంలో ఉండాది."

"ఉండాది."

"ఈడ తవ్వితే నీళ్లుండాయని మాకూ ఒకాయన కాగితం మీద రాసిచ్చినాడు. ఆ కాగితం ఇంగా ఉండాది. నీళ్లే లేవు." నారాయణమ్మ వేలు తీసేసి కదిరమ్మ వైపు తిరిగింది. "కాగితం చదివి చెప్పేటోళ్లు శానామంది. చూసొచ్చి చెప్పేటోళ్లు కావాల. నువ్వు అబద్ధం చెప్పవు, నీకు రాదు. సోమవారం పో. నేను వారం ఓపిక పడతా. వానొస్తే నా రాత."

కదిరమ్మ చేతిలో గింజలు అలాగే ఉన్నాయి.

"ఊరికే కాదు," అంది నారాయణమ్మ. "కలుపుకాడ దినానికి రెండు దినాలు చెయ్యాల నాకు."

"చేస్తా."

"ఇంగొకటి. పొద్దున పోయి ఆ నీళ్ల గట్టున కూర్చోవాల. మాపటిదాకా లేయగూడదు. ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది నీ కండ్లతో చూడాల. మిద్దె చూసినాము, అంగళ్లు చూసినాము, ఆ నడమ ఎక్కి దిగిందంట అంటే ఒప్పుకోను."

"గట్టుకు ఒక గుర్తు పెట్టుకొని చూస్తా అక్కా. తేలిగ్గా తెలిసిపోతాది. ఆడ యాతం రాళ్లుండాయి గదా."

"ఆ రాళ్లు కూడా ఏం రాళ్లో చూడు," అని గడప దగ్గర నుంచి యేసన్న అందుకున్నాడు. "నల్లవా, ఎర్రవా. మా ఫ్యాక్టరీలో అడుగుతారు."

వాళ్లు వెళ్లిపోయాక సువార్త సుద్దముక్క పట్టుకుని బొమ్మ ముందు కూర్చుంది. శుక్రవారం టికెట్లు పోయినట్టే. సోమవారం ఎక్కితే మంగళవారం చేరడం, బుధవారం రాత్రికి తిరుగుబండి. బడి నుంచి ఆమెకు దొరికిన సెలవు కూడా అంతవరకే. చేతికి మిగిలింది ఒక్క నిండు రోజు, ఆ రోజు నీళ్లకు పోయింది. నాలుగు రోజులకని గీసిన బాణాలు ఒక్కొక్కటీ చూసింది. రాజుల మిద్దె. చేత్తో వేసిన బిళ్లల మందిరం. మిరియాల వీధి. నెలన్నరగా ఎంత చదివిందో, రాత్రులు కళ్లు మూసుకుంటే ఆ వీధుల్లో దారి తప్పకుండా నడవగలిగేది.

"ఆ చర్చి యాడ?" అంది కదిరమ్మ.

సువార్త చూపించింది. యాతాలకు దగ్గరే, నడిచిపోయే దూరం.

"అయితే నువ్వు పోయి చూసుకొని రా. ఆ ఎముకల గుంత చూసి రా. నేను గట్టునుంటా, నీళ్లకు కాపలా. నువ్వొచ్చినాక నేను పోతా. నీళ్లను ఒంటిగా విడిచిపెట్టేది లేదు. మాట ఇచ్చినా."

సువార్తకు ఈసారి నవ్వు సాఫీగా వచ్చింది. సముద్రానికి కాపలా కూర్చునే మనిషి ఆ రేవులో వందల ఏండ్లలో ఎవరూ వచ్చి ఉండరనిపించింది. బడి పిల్ల అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. పొద్దస్తమానం చప్పుడు చేస్తుందో లేదో, ఇప్పుడు పొద్దస్తమానం కూర్చునే వినవచ్చు.

తడిగుడ్డ తెచ్చి మట్టంచేరి వైపు వంగింది. పోలేని చోట్లు ఇంట్లో ఉంచుకోవడం ఎందుకని. మిద్దె గోడ మీద గుడ్డ పెట్టబోతుంటే తల్లి చెయ్యి వచ్చి పట్టుకుంది.

"తుడవద్దులే పాపా."

"ఈసారి పోలేము కదమ్మా ఆడికి."

"ఈసారి పోము. వాన రాని ఏడు ఎట్లాగూ వస్తాది, యాడికి పోతాది? అది ఆ ఏడు చూద్దాము."

మరునాడు పొద్దున కదిరమ్మ విత్తనాల గంప నెత్తికెత్తుకుంది. అలవాటుగా నీళ్లు తొక్కకుండా చుట్టూ తిరిగి, చేనికి బయలుదేరింది.